నోరు తిరగని ఆటగాడు మైకు పట్టిన కథ
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"విద్యార్థులు – ఆటలు" అనే విషయంమీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా జన్మలో ఆడిన ఆట గిల్లీదండా ఒక్కటే. అదీ ఎనిమిదో తరగతితో సరి. అటువంటివాణ్ణి లేచి ఆటలవల్ల కండబలం పెరుగుతుందనీ, క్రమశిక్షణ అలవడుతుందనీ చెబితే మీరు నవ్వుతారు. ముందు వరసలో కూర్చున్న నా శిష్యులైతే మీకంటే ముందే నవ్వుతారు. అందుచేత ఉపన్యాసం మానేసి ఒక మనిషి కథ చెప్తాను. ఆయన గొప్ప ఆటగాడు. కాని ఆయన చేతులకంటే ఆయన నోటి సంగతే ఎక్కువ చెప్తాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ఆయన పేరు బిల్ వాల్టన్. అమెరికా దేశంలో కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్‌డియాగో నగరాన్ని ఆనుకుని వున్న లామీసా అనే వూళ్ళో 1952 నవంబరు 5న పుట్టాడు. 2024 మే 27న చనిపోయాడు. తల్లి గ్రంథాలయంలో పనిచేసేది. ఇంట్లో పుస్తకాలకు కరువు లేదు. పిల్లవాడు చిన్నప్పుడే బాస్కెట్‌బాల్ ఆటలో పడ్డాడు. రాత్రిపూట చిన్న ట్రాన్సిస్టర్ రేడియో చెవికి ఆనించుకుని, లాస్‌ఏంజెలిస్ జట్టు ఆటలకు చిక్ హెర్న్ అనే ఆయన చెప్పే వ్యాఖ్యానం వినేవాడు. మనలో రేడియోలో క్రికెట్ కామెంటరీ విన్న పెద్దలకు ఆ రుచి నేను వేరే చెప్పక్కరలేదు. కంటికి కనపడని ఆటని మాటతో చూపించే విద్య అది.

మరి ఆ మాటలంటే అంత ఇష్టపడ్డ పిల్లవాడికి నత్తి. మన ఇళ్ళలో "హక్‌లానా" అంటాం చూడండి, అది. మామూలు నత్తి కాదు. ఎవరైనా ఎదురైతే "హలో" అనడానికే నోరు పెగిలేది కాదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అలాంటి పిల్లలు ఏం చేస్తారో మీకు తెలుసు. నలుగురూ వున్నచోటికి రారు. తెలిసిన జవాబు కూడా తెలియదంటారు. నా క్లాసులో కూడా ఒక అబ్బాయి వుండేవాడు. ఆ సంగతి తర్వాత మనవి చేస్తాను.

వాల్టన్‌కు మైదానం ఒక ఆశ్రయమైంది. అక్కడ మాట్లాడనక్కరలేదు. బాస్కెట్‌బాల్ తెలియని తల్లుల కోసం ఒక్క ముక్క చెప్తాను. జట్టుకు అయిదుగురు. పది అడుగుల ఎత్తున ఇనుప వలయం, దానికి వల. బంతిని అందులో వేస్తే పాయింట్లు. ఈ అబ్బాయి పెరిగి పెరిగి 6 అడుగుల 11 అంగుళాలయ్యాడు. కాని పొడుగు ఒక్కటే అయితే తాటిచెట్టుకూ వుంది. బంతి ఎవరికి అందించాలి, ఎప్పుడు అందించాలి అన్నది అతనికి తెలిసినట్టు ఆ పొడుగువాళ్ళలో చాలా తక్కువమందికి తెలుసునని చెప్పుకుంటారు. హైస్కూలు చివరి రెండేళ్ళలో అతని బడి జట్టు వరసగా 49 ఆటలు గెలిచింది.

తర్వాత లాస్‌ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి కోచ్ జాన్ వుడెన్. ఈయన గురించి నేను ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన మా జాతివాడు. జాతి అంటే బడిపంతుళ్ళ జాతి. కోచ్‌గా పేరు రాకముందు హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. దేశం నలుమూలలనుంచీ ఏరి తెచ్చిన ఆటగాళ్ళను మొదటిరోజు కూర్చోబెట్టి ఆయన ఏం నేర్పేవాడో తెలుసా? మేజోళ్ళు తొడుక్కోవడం, బూట్లకు తాడు కట్టుకోవడం. మేజోడులో ముడత పడితే కాలికి బొబ్బ లేస్తుంది. బొబ్బ లేస్తే సాధన ఆగుతుంది. సాధన ఆగితే ఆట పోతుంది. ఇదీ ఆయన లెక్క. మనం అలీఫ్ బే దిద్దించినట్టే, తెలుగు మాస్టారు అ ఆ లు దిద్దించినట్టే.

వాల్టన్ ఒకసారి సెలవులనుంచి గడ్డం పెంచుకుని వచ్చాడు. గడ్డం నా హక్కు అన్నాడు. నీ నమ్మకం మీద నువ్వు నిలబడితే నాకు సంతోషమే, కాని నువ్వు లేకపోవడం మాకు లోటే అన్నట్టుగా జవాబిచ్చాడట వుడెన్. కుర్రవాడు పరుగున వెళ్ళి గీయించుకుని వచ్చాడు. అలాగని ప్రతిదానికీ తలవంచే రకం కాదు. వియత్నాం యుద్ధం వద్దని 1972లో విద్యార్థులు చేసిన ఆందోళనలో పాల్గొని అరెస్టయ్యాడు కూడా. గురువుకూ శిష్యుడికీ అభిప్రాయాలు కలవలేదు. మనసులు మాత్రం విడిపోలేదు. 2010లో తన 99వ యేట వుడెన్ కన్నుమూసేదాకా వాల్టన్ ఆయనను గురువుగానే కొలిచాడు.

ఆ విశ్వవిద్యాలయం జట్టు 1971నుంచి 1974 జనవరి దాకా వరసగా 88 ఆటలు గెలిచింది. అందులో ఎక్కువ భాగం వాల్టన్ ఆడినవే. 1972, 1973 సంవత్సరాల్లో జాతీయ విజేతలు. 1973 ఫైనల్లో ఈయన వలయం మీదికి 22 సార్లు బంతి విసిరితే 21 సార్లు పడింది. ఒక్కడే 44 పాయింట్లు. అంత ఆట ఆడిన వాడి చుట్టూ విలేకరులు మూగరా? మూగారు. ఈయన వాళ్ళను తప్పించుకుని తిరిగాడు. తలపొగరు అన్నవాళ్ళున్నారు. పొగరు కాదు. మొదటి అక్షరం దగ్గరే గొంతులో మాట ఇరుక్కుంటుందన్న భయం. నత్తివున్న మనిషి మౌనాన్ని లోకం ఎప్పుడూ తప్పుగానే చదువుతుంది.

1974లో పోర్ట్‌లాండ్ నగరం జట్టు ఆయనను దేశంలోకెల్లా మొదటివాడుగా ఎంచుకుంది. అక్కడినుంచి వృత్తి క్రీడాకారుడు. 1977లో ఫిలడెల్ఫియాతో ఫైనల్స్. మొదటి రెండు ఆటలూ ఓడిపోయి, తర్వాత నాలుగూ గెలిచారు. ఆ ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు వాల్టనే. మరుసటి యేడు మొత్తం లీగ్‌కే అత్యంత విలువైన ఆటగాడు. వయసు 25. ఇక కొండ శిఖరం ఎక్కినట్టేనని అందరూ అనుకున్నారు.

కాని పాదాలు ఒప్పుకోలేదు. 1978లో ఎడమ పాదం ఎముక విరిగింది. నొప్పి తెలియకుండా ఇంజక్షను చేయించుకుని ఆడాడు. 1978–79లో ఒక్క ఆట లేదు. మరుసటి యేడు సొంతవూరు శాన్‌డియాగో జట్టులో చేరి 14 ఆటలు ఆడాడు. తర్వాత రెండేళ్ళు మళ్ళీ సున్న. చివరికి 1985లో బోస్టన్ జట్టులో చేరి, తనకంటే చిన్నవాళ్ళ వెనక బెంచీమీద కూర్చుని, పిలిచినప్పుడు లేచి ఆడి, 1986లో మరో విజయం చూశాడు. అలా వెనకనుంచి వచ్చి ఆడేవారికిచ్చే బహుమతీ ఆ యేడు ఆయనకే వచ్చింది. మొత్తం వృత్తి జీవితంలో ఆడింది 468 ఆటలు. జీవితకాలంలో చేయించుకున్న శస్త్రచికిత్సలు 30కి పైగా.

సోదరులారా, ఇక అసలు సంగతికి వస్తాను. పాదం విరిగి, ఆటలేక వున్న ఆ రోజుల్లోనే, ఆయనకు 28 ఏళ్ళ వయసున, ఒక విందులో మార్టీ గ్లిక్‌మన్ అనే పెద్దాయన తారసపడ్డాడు. ఈ గ్లిక్‌మన్ ఎవరు? ఈయనా ఒకప్పటి ఆటగాడే. పరుగు పందెగాడు. 1936లో 18 ఏళ్ళ వయసున బెర్లిన్ ఒలింపిక్స్‌కు అమెరికా తరఫున వెళ్ళాడు. తీరా పరుగు పెట్టవలసిన రోజు ఉదయం, రిలే జట్టులోనుంచి ఇతన్నీ, ఇంకొక కుర్రవాణ్ణీ తీసేశారు. అమెరికా పరుగుపందాల బృందం మొత్తంలో యూదులు ఆ ఇద్దరే. హిట్లర్ ఎదుట యూదులు పతకం అందుకోకూడదనే తమను తప్పించారని గ్లిక్‌మన్ జీవితాంతం నమ్మాడు. కాళ్ళకు దక్కనిది నోటితో సాధించుకున్నాడు. న్యూయార్క్‌లో రేడియో క్రీడా వ్యాఖ్యాతగా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. తర్వాత తర్వాత కొత్త వ్యాఖ్యాతలకు పాఠాలు చెప్పే ఉస్తాదు అయ్యాడు.

ఆ ఉస్తాదు వాల్టన్ నోరు పెగలక అవస్థపడటం చూశాడు. అయ్యో పాపం అనలేదు. వినపడనట్టు మొహం తిప్పుకోనూ లేదు. పక్కకు పిలిచి చెప్పాడు: మాట్లాడటం కూడా ఒక విద్యే. బంతి విసరడం నీకు పుట్టుకతో వచ్చిందా? సాధన చేస్తే వచ్చింది. ఇదీ అంతే. ఆయన చెప్పిన ఉపాయాలు చాలా చిన్నవి. మనసులో ఆలోచనను పరుగెత్తనీయకు, నెమ్మది చెయ్యి. పుస్తకం తీసుకుని రోజూ పైకి చదువు. అద్దం ముందు నిలబడి మాట్లాడు. ఏ అక్షరాల దగ్గర ఆగిపోతున్నావో గుర్తుపట్టి వాటినే ఎక్కువగా అను. చక్కెర లేని చూయింగ్ గమ్ నములు, దవడకు కసరత్తు.

వాల్టన్‌కు వెంటనే వుడెన్ మేజోళ్ళు గుర్తొచ్చి వుంటాయని నేను అనుకుంటాను. ఎందుకంటే తర్వాత ఎప్పుడు చెప్పినా ఆయన ఇదే చెప్పేవాడు: కోచ్‌లు ఆట నేర్పిన పద్ధతిలోనే నేను మాట నేర్చుకున్నాను, మొదటినుంచి మొదలుపెట్టి, ముక్క ముక్కగా, రోజు రోజూ. మన ఉర్దూలో దీనికి మంచి మాట వుంది, "మష్క్". తఖ్తీమీద కలంతో గీసిన గీతే మళ్ళీ గీయడం.

ఆ మష్క్ ఫలితం ఏమిటో వినండి. హలో అనలేని మనిషి 1990 దశకంలో అమెరికాలోని పెద్ద టెలివిజన్ సంస్థ ఎన్‌బీసీలో బాస్కెట్‌బాల్ వ్యాఖ్యాత అయ్యాడు. 2002నుంచి ఇఎస్‌పిఎన్, ఏబీసీలలో. కోట్లమంది వింటూ వుండగా, ముందు రాసుకున్న కాగితం లేకుండా, కంటిముందు జరుగుతున్నదాన్ని జరుగుతున్నట్టే చెప్పే పని. నత్తివాడికి ఇంతకంటే కష్టమైన పరీక్ష వుంటుందా? ఆయన ధోరణి అందరికీ నచ్చలేదు. ఆట చెప్తూ చెప్తూ అగ్నిపర్వతాల దగ్గరికీ, సంగీతం దగ్గరికీ వెళ్ళిపోయేవాడు. మామూలు ఆటను మహాద్భుతం అనేవాడు. పక్కన కూర్చున్న స్టీవ్ జోన్స్ అడ్డు తగిలేవాడు. ఇద్దరికీ వాదులాట. జనం దానికోసమే వినేవారు. ఈయన నోరు ఎవరు మూయిస్తారురా బాబూ అని విసుక్కున్నవాళ్ళూ వున్నారు. ఆలోచించండి, ఒక నత్తివాడికి ఇంతకంటే మెచ్చుకోలు వుందా! ఆయన కూడా నవ్వుతూ అదే అనేవాడు. నా జీవితంలో నేను సాధించిన గొప్ప పని మాట్లాడటం నేర్చుకోవడం, మీకు పీడకల కూడా అదే అని. 2009లో అమెరికా క్రీడా వ్యాఖ్యాతల సంఘం ఎంచిన ఎల్లకాలపు 50 మంది ఉత్తమ వ్యాఖ్యాతల్లో ఈయన పేరు వుంది.

కష్టాలు అంతటితో అయిపోలేదు. విరిగిన పాదాల భారమంతా వెన్నెముక మీద పడింది. 2008 ప్రాంతంలో లేవలేక, కూర్చోలేక, నేలమీద పడుకుని రోజులు గడిపాడు. బతుకుమీదే విరక్తి కలిగిందని దాచకుండా తర్వాత చెప్పుకున్నాడు. 2009లో పెద్ద శస్త్రచికిత్స జరిగాక నెమ్మదిగా లేచాడు. 2012లో మళ్ళీ మైకు ముందుకు వచ్చాడు. చనిపోయిన యేడు వరకూ ఆ మైకు వదల్లేదు. నత్తి పూర్తిగా పోయిందా అంటే, పోలేదనే అనేవాడు. ప్రతిరోజూ పని పెట్టే వ్యవహారమే అది. అయినా నత్తివున్న పిల్లలకోసం పనిచేసే సంస్థల తరఫున మాట్లాడాడు, తన ఉపాయాలు రాసి పంచాడు.

ఇప్పుడు నా క్లాసు సంగతి. కొన్నేళ్ళ క్రితం ఏడో తరగతిలో నాకు ఒక అబ్బాయి వుండేవాడు. లెక్కల్లో చురుకు, దస్తూరీ ముత్యాల్లా వుండేది. పైకి చదవమంటే మాత్రం "బ... బ..." దగ్గర ఆగేవాడు. క్లాసు నవ్వేది. పిల్లలు వాడికి పెట్టిన పేరు ఇక్కడ చెప్పను. నేను ఏం చేశానంటే, నవ్వినవాళ్ళను మందలించి, ఆ తర్వాత వాణ్ణి చదవమనడం మానేశాను. వరసలో వాడి వంతు వస్తే పక్కవాణ్ణి లేపేవాణ్ణి. దయ అనుకున్నాను. రెండేళ్ళు అలాగే గడిచింది. బైత్‌బాజీ పోటీలకు వాడి పేరు రాయలేదు. ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళ ముందు వాణ్ణి వెనక వరసలో కూర్చోబెట్టాను.

పది పాసయ్యాడు, మంచి మార్కులే. కాలేజీలో మాత్రం చేరలేదు. చేరేచోట పేరు, తండ్రి పేరు, వూరు అడుగుతారట. అడిగితే చెప్పాలి కదా. వాళ్ళ మామయ్య మోటారు సైకిళ్ళ మెకానిక్ షాపులో పనికి కుదిరాడు. ఈ మధ్య నా బండి బాగుచేయించుకోవడానికి వెళ్తే కనపడ్డాడు. నా దగ్గర వాల్టన్ కథ వుంది కదా, ఎంతో ఉత్సాహంగా చెప్పాను. "బేటా, చూశావా, కష్టపడితే రానిదంటూ లేదు" అన్నాను. వాడు స్పానరు కింద పెట్టి, ఆగి ఆగి ఒక్క మాటన్నాడు. "సర్, ఉన్‌కు బోల్నేవాలా ఏక్ మిలా."

ఆయనకు చెప్పేవాడొకడు దొరికాడు కదా, సార్ అని.

నిందించలేదు వాడు. ఉన్నమాట అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొత్తం క్లాసులో వాడికి చెప్పవలసినవాణ్ణి నేనే. అద్దం, పుస్తకం, రోజుకు పది నిముషాలు. నా చేతిలో రెండేళ్ళున్నాయి. నేను దయ చూపించాను, గ్లిక్‌మన్ దారి చూపించాడు. ఈ రెంటికీ ఎంత దూరమో నాకు ఆ మెకానిక్ షాపులో తెలిసింది.

అందుచేత తల్లిదండ్రులకు నా మనవి. నత్తి తెలివితక్కువతనం కాదు. ఎవరి పాపఫలమూ కాదు. తల్లి తప్పూ కాదు. చిన్నతనంలో నూటికి అయిదుగురు పిల్లలకు ఏదో ఒక దశలో వస్తుందనీ, చాలామందికి తగ్గిపోతుందనీ, పెద్దవాళ్ళలో నూటికి ఒకరికి నిలుస్తుందనీ ఈ విషయం తెలిసినవారు అంటారు. కొన్ని వంశాల్లో వస్తూ వుంటుంది కూడా. నాలుకమీద వస రాస్తే, చెంపదెబ్బ కొడితే పోయేది కాదు. దీనికి చదువుకున్న వైద్యులున్నారు, స్పీచ్ థెరపిస్టులంటారు. మైసూరులో 1960 దశకంనుంచీ ఈ విద్యకోసమే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి నడుస్తున్నది. పెద్ద ఆస్పత్రుల్లో కూడా ఈ విభాగం వుంటుంది. బిడ్డకు జ్వరం వస్తే తీసుకెళ్ళినట్టే దీనికీ తీసుకెళ్ళండి.

ఇంట్లో మీరు చేయగలిగింది ఇంకా వుంది. వాడి మాట మీరు పూర్తి చేయకండి. "నెమ్మదిగా చెప్పరా" అని నలుగురిలో గద్దించకండి. వాడు చెప్పేది ముగిసేదాకా వాడి కళ్ళలోకి చూస్తూ కూర్చోండి. చుట్టాలు వస్తే వాణ్ణి లోపలి గదిలోకి పంపకండి. సలాం వాడినే చెప్పనివ్వండి. సలాం సగంలో ఆగితే ఆగనివ్వండి. వచ్చినవాళ్ళకు తొందరేమీ లేదు.

మన సంఘం కార్యవర్గానికి కూడా ఒక చిన్న కోరిక. ప్రతి యేడూ ఉపన్యాస పోటీలు పెడుతున్నాం. మూడు నిముషాలు కాగానే బెల్లు కొడుతున్నాం. వచ్చే యేడునుంచి, నత్తివున్న పిల్లవాడు పేరు ఇస్తే వాడికి బెల్లు కొట్టవద్దు. దానికి డబ్బేమీ ఖర్చు కాదు, ఓపిక ఒక్కటే ఖర్చు. ఆ పోటీకి పిల్లలను తయారు చేసే పని నాకివ్వండి. ఆదివారాలు ఉదయం సంఘం గదిలో కూర్చుంటాను. ఒక అద్దం, కొన్ని పుస్తకాలు నేనే తెచ్చుకుంటాను.

ఆ మెకానిక్ షాపుకు మళ్ళీ వెళ్ళాను. ఈ ఆదివారం సంగతి చెప్పాను. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. తలుపు మాత్రం తీసివుంచుతాను.